చూసీ చూడనట్టు

(ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళ కోసం, రికార్డు విని రాసిపెట్టిన పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించనివాళ్ళు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. అంటే అందరికీ వినిపిస్తోందనా, ఎవరికీ వినిపించలేదనా? సరే, వినిపిస్తోందనే అనుకుంటాను.

నాకిచ్చిన విషయం చాలా పెద్దది. ఇరుగుపొరుగున ఉన్న ముక్కూమొహం తెలియని మనిషికి సాయం చేయడంలో విశ్వాసం ఎలా దొరుకుతుంది, అనుబంధం ఎలా ఏర్పడుతుంది, మాట్లాడమన్నారు. నేను పంతులమ్మని కాను. ప్రవచనాలు చెప్పేదాన్ని అసలే కాను. ముప్పై ఏళ్ళు లెక్కలు రాసి రిటైరైనదాన్ని. నాకు తెలిసింది ఒక్క మనిషి సంగతి. మేముండే భవనంలోనే, నాకు రెండంతస్తుల కింద ఉంటారాయన. ఆయన గురించి చెబుతానని అడిగే వచ్చాను. "చెప్పుకో తల్లీ, పేరు మాత్రం చెప్పకు, నా గొంతు అనుకరించకు" అన్నారు. రెండూ చెయ్యను.

ముందు నా తప్పు చెప్పేస్తాను, ఆ తర్వాత హాయిగా మాట్లాడొచ్చు.

మా ఆయన పోయాక నేనా భవనంలోకి మారాను. మెట్ల మీద ఈ పెద్దాయన ఎదురయ్యేవారు. నిటారుగా, శుభ్రంగా, ఎవరి ఆసరా లేకుండా నడిచేవారు. నేను నవ్వేదాన్ని. ఆయన నా మొహంలోకి చూసినట్టే చూసి, ఉలుకూ పలుకూ లేకుండా దిగి వెళ్ళిపోయేవారు. ఒకసారి సరే. రెండోసారి సరే. మూడోసారి? మూడోసారి నేనూ మానేశాను. ఇంత వయసొచ్చినా ఇంత పొగరేమిటి అనుకున్నాను. అప్పట్నుంచి ఆయన కనిపిస్తే చూసీ చూడనట్టు పక్కకి తిరిగి వెళ్ళిపోయేదాన్ని. ఎన్నాళ్ళు? రెండేళ్ళు. వింటున్నారా, రెండేళ్ళు.

ఒకరోజు నేను దిగుతుంటే ఆయన మెట్ల మలుపులో ఒక కాగితం పట్టుకుని నిలబడ్డారు. "ఏవండీ, ఎవరోగానీ, ఇది కాస్త చదివిపెడతారా?" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "తొందరలో ఉన్నానండీ" అన్నాను. అని దిగిపోయాను. ఆ రోజు ఏ పని మీద వెళ్తున్నానో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. ఆ తొందర మాత్రం ఇవాళ్టికీ గుర్తుంది.

ఈ తొందర గురించి ఒక పరిశోధన ఉంది, దాన్ని చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అది చదివినప్పుడు నా గురించే రాశారేమో అనిపించింది. డార్లీ, బాట్సన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో అచ్చువేశారు. అమెరికాలో ప్రిన్స్‌టన్ అనే చోట మతబోధకులు కావడానికి చదువుకునే విద్యార్థులు నలభై మందిని తీసుకున్నారు. పక్క భవనంలోకి వెళ్ళి చిన్న ప్రసంగం చెయ్యాలన్నారు. అందులో సగం మందికి ఇచ్చిన విషయం ఏమిటనుకున్నారు? మంచి సమరయుడి కథ! దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని, గొప్పవాళ్ళిద్దరూ పక్కనుంచి తప్పుకుపోతే, పరాయి జాతివాడు ఆగి ఆదుకున్నాడని లూకా సువార్తలో ఏసు చెప్పిన కథ. ఈ విద్యార్థులు వెళ్ళే దారిలో ఒక మనిషిని గుమ్మం దగ్గర కూలబడేట్టు పెట్టారు. తల వాల్చేసి, దగ్గుతూ, మూలుగుతూ. కొందరితో "ఇంకా టైముంది, నెమ్మదిగా వెళ్ళండి" అన్నారు. కొందరితో "అయ్యో, ఆలస్యమైపోయింది, అక్కడ మీకోసం చూస్తున్నారు" అన్నారు.

ఏమైంది? తీరిగ్గా వెళ్ళినవాళ్ళలో నూటికి 63 మంది లెక్కన ఆగారు. తొందర పెట్టినవాళ్ళలో నూటికి పది మంది. మనసులో ఏ కథ ఉందన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. మంచి సమరయుడి మీద ప్రసంగం చెయ్యడానికి వెళ్తూ వెళ్తూ కొందరు ఆ మనిషిని దాటుకుని, అక్షరాలా దాటుకుని, వెళ్ళారట! నవ్వకండి. నేనూ మెట్లు దిగి వెళ్ళినదాన్నే.

మరి తిరిగి ఎలా వెళ్ళానంటారా? మనస్సాక్షి పొడిచిందని చెబితే మీరు నమ్మేస్తారు, నాకూ బాగుంటుంది. కానీ నిజం ఏమిటంటే గొడుగు మర్చిపోయాను. గొడుగు కోసం వెనక్కి వచ్చాను. ఆయన అదే మెట్టు మీద, అదే కాగితంతో, అలాగే నిలబడి ఉన్నారు. ఇంకో మనిషి అడుగుల చప్పుడు కోసం చూస్తున్నారు. రెండోసారి దాటుకుపోవడానికి కాళ్ళు రాలేదు. అంతే. నా పుణ్యమంతా గొడుగుది.

కాగితం తీసుకుని చదివాను. కంటి పరీక్షకి రమ్మని వచ్చిన ఉత్తరం, తేదీ మర్నాడే. నేను చదువుతుండగానే ఆయన తల పక్కకి వంచి విని, "మీరు పై అంతస్తులో ఉంటారు కదూ?" అన్నారు. ఎలా తెలుసన్నాను. "మీ అడుగులు తెలుసమ్మా, రెండేళ్ళుగా వింటున్నాను. ఎప్పుడూ పలకరించకుండా వెళ్ళిపోతారు, కొత్తవాళ్ళంటే గిట్టదేమో అనుకున్నాను" అన్నారు.

అర్థమైందా? నేనాయనకి పొగరనుకున్నాను. ఆయన నాకు పొగరనుకున్నారు. ఒకే మెట్ల మీద.

ఇప్పుడు మీరందరూ ఒక పని చెయ్యాలి. మొహమాటపడకండి. రెండు చేతులూ పిడికిళ్ళు బిగించండి. రెండు కళ్ళ ముందూ అరచెయ్యి దూరంలో పెట్టుకోండి. ఆఁ, అలాగే. తల తిప్పకుండా మీ పక్కనున్నవాళ్ళ కుర్చీ కనిపిస్తోందా? కాళ్ళ దగ్గర నేల కనిపిస్తోందా? నడవగలరా? నడవగలరు. ఇప్పుడు సూటిగా నా మొహం చూడండి. నేను నవ్వుతున్నానో, ఏడుస్తున్నానో చెప్పండి చూద్దాం. చెప్పలేరు. దించేయండి, చేతులు నొప్పెడతాయి.

ఆయన జబ్బు అది. మాక్యులర్ డీజెనరేషన్ అంటారు. నేను డాక్టర్ని కాను, నాకర్థమైనంత చెబుతాను. కంటి లోపలి పొర, రెటీనా, దాని నడిమధ్య మాక్యులా అనే చిన్న భాగం ఉంటుంది. అక్షరాలు, మొహాలు, సూదిలో దారం, అన్నీ దాని పనే. వయసు మీద పడ్డాక కొందరిలో అది పాడవుతుంది. చుట్టూ చూపు మిగులుతుంది, మధ్య చూపు పోతుంది. అందుకే ఆ మనిషి మెట్టు తప్పడు, గోడకి గుద్దుకోడు, చూసేవాళ్ళకి చక్కగా ఉన్నట్టే ఉంటాడు. ఎదురుగా ఉన్నవాళ్ళ మొహం మాత్రం ఒక మసక మచ్చ. మీ వీధిలో ఎంత నవ్వినా నవ్వని ముసలాయనో, ముసలావిడో ఉంటే, ఈసారి నవ్వకండి. నోరు విప్పి పేరు చెప్పండి.

సరే. అలా మొదలై గురువారాలయింది. గురువారం సాయంత్రం నేను కిందికి వెళ్ళడం, వారమంతా వచ్చిన కాగితాలు చదవడం. "మరి ఫోను చదివిపెడుతుంది కదా" అని మీలో ఎవరో అనుకుంటున్నారు. ఆ మూల కుర్చీలో అబ్బాయి అనుకుంటున్నాడు, మొహం చూస్తే తెలుస్తోంది. చదువుతుంది నాయనా. అచ్చు అక్షరాలు బాగానే చదువుతుంది, పేపరు ఆయన ఫోనుతోనే వింటారు. కానీ ఆయన దగ్గర ఒక పెట్టెడు పాత ఉత్తరాలున్నాయి. పెళ్ళైన కొత్తలో ఆవిడ రాసినవి. ఆ చేతిరాత ఫోనుకి కొరుకుడు పడలేదు. నాకే నాలుగు వారాలు పట్టింది.

సాయం చెయ్యడం కూడా నేర్చుకోవాలని నాకు తెలియదు. మొదటిసారి బయటికి వెళ్ళినప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. "నన్ను అరెస్టు చేశావా తల్లీ?" అన్నారు. చూపు తక్కువైనవాళ్ళని మనం పట్టుకోకూడదట, మన మోచెయ్యి వాళ్ళకివ్వాలట. వాళ్ళు పట్టుకుంటారు, మనం అరడుగు ముందు నడవాలి, మెట్టొస్తే చెప్పాలి. గదిలోకి వెళ్ళేటప్పుడు పేరు చెప్పాలి. కుర్చీ జరిపితే మళ్ళీ దాని చోటే పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని చెప్పాలి. ఇది నేను తప్పుచేసి నేర్చుకున్నాను. ఒకసారి ఫోనొస్తే లేచి బయటికొచ్చేశాను. తిరిగి వచ్చేసరికి ఆయన ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నారు. ఆవిడ గురించి ఏదో. నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఆయనకి తెలిసింది. ఏమీ అనలేదు. మాట ఆపేశారు. ఆ మౌనం... సరే, దాన్ని అక్కడ వదిలేద్దాం.

ఇక విశ్వాసం. అడిగిన విషయం అదేగా, ఇంకా రాలేదేమిటని చూస్తున్నారు.

మా ఆయన పోయాక నేను దేవుడితో మాటలు మానేశాను. కోపం కాదు. కోపమైతే కనీసం తిట్టుకుంటూ మాట్లాడతాం కదా? నాకు అవతల ఎవరూ లేరనిపించింది. చీకట్లో ఫోను పట్టుకుని హలో హలో అనడం ఎందుకని పెట్టేశాను. అంతే.

ఒక గురువారం కాగితాలేమీ లేవు. ఆయన అలమర తడిమి ఒక పుస్తకం తీశారు. ప్రార్థనల పుస్తకం. ఏ మతానిదని అడగకండి. చెప్పకూడదని కాదు. చెబితే మీలో సగం మంది "ఓహో, వాళ్ళదా" అని ఇక్కడితో వినడం మానేస్తారు. ఇది చదవమన్నారు. నేను నిజం చెప్పేశాను. "బాబాయిగారూ, నాకు నమ్మకం లేదండీ" అన్నాను. ఆయనేమన్నారో తెలుసా? "నిన్ను నమ్మమనలేదు తల్లీ, చదవమన్నాను. నమ్మడం నేను చూసుకుంటాను" అన్నారు.

నమ్మడం నేను చూసుకుంటాను! ఆ మాట అనగలిగిన మనిషి దగ్గర ఇంకేం వాదిస్తాం? చదివాను. నాకు నమ్మకం లేని మాటల్ని, నమ్మిన మనిషి కోసం, ఆపాల్సిన చోట ఆపుతూ, గొంతు తగ్గించాల్సిన చోట తగ్గిస్తూ చదివాను. ఎన్ని వారాలు చదివానో లెక్క పెట్టలేదు, లెక్కలదాన్నై ఉండీ.

ఒకరోజు చదవడం అయ్యాక ఆయన చాలాసేపు ఊరుకుని, "తలుపు వేసుందా?" అనడిగారు. ఉందన్నాను. "నీకొకటి చెబుతాను, ఎవరికీ చెప్పలేదు. నాకు పిల్లలు కనిపిస్తున్నారు" అన్నారు. గదిలో పిల్లలు, రంగురంగుల బట్టలు, మాట్లాడరు, ఆడుకుంటారు, పోతారు. మొహాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయట. ఎదురుగా ఉన్న నా మొహం కనిపించదు, లేని పిల్లల మొహాలు కనిపిస్తాయి. పిచ్చెక్కుతోందేమోనని, చెబితే ఎక్కడైనా చేర్పించేస్తారేమోనని, నెలల తరబడి గుండెలో పెట్టుకున్నారు. అబద్ధమెందుకు, నాకూ భయం వేసింది. కానీ మర్నాడు డాక్టరు దగ్గరికి కలిసి వెళ్ళాం. దానికో పేరుంది. చార్లెస్ బొనె సిండ్రోమ్. బొనె అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త 1760లోనే రాశాడు, చూపు మందగించిన తన తాతగారికి మనుషులు, పక్షులు, భవనాలు కనిపిస్తున్నాయని, ఆయన బుద్ధి మాత్రం చక్కగా ఉందని. కంటి నుంచి రావలసింది రాకపోతే మెదడు తన దగ్గరున్న బొమ్మలతో నింపుకుంటుందట. పిచ్చి కాదు. డాక్టరుగారు ఆ మాటన్నప్పుడు బాబాయిగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. తిరిగొచ్చేదాకా వదల్లేదు.

ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. ఈ మనిషి నా మొహం ఎన్నడూ చూడలేదు. నేను నవ్వుతానో వెక్కిరిస్తానో ఆయనకి తెలియదు. ఉత్తరంలో ఉన్నదే చదువుతున్నానో, కల్పించి చెబుతున్నానో తెలియదు. ఉన్నదల్లా ఒక గొంతు. ఆ గొంతుని పట్టుకుని బ్యాంకు కాగితాలు ఇచ్చారు, ఆవిడ ఉత్తరాలు ఇచ్చారు, చివరికి తనకి పిచ్చేమో అన్న భయం కూడా ఇచ్చారు. విశ్వాసం, విశ్వాసం అంటామే, అది కాకపోతే మరేమిటి? నేను దాని కోసం నా లోపల వెతుక్కుంటున్నాను, లేదు లేదనుకుంటున్నాను. అది ఎదురుగా కుర్చీలో కూర్చుని నన్ను నమ్ముతోంది. నమ్మడం వల్ల కాదు, నమ్మబడడం వల్ల నాకు అది తెలిసింది. ఒక మనిషి మనల్ని అంతగా నమ్మాక, అవతల ఎవరూ లేరని అంత ధీమాగా ఎలా అనగలం?

నేను మళ్ళీ ప్రార్థిస్తున్నానా అని అడుగుతారు. హలో అంటున్నాను. అవతల ఎత్తారా లేదా అన్నది ఇప్పుడిప్పుడే చెప్పలేను.

ఖురాన్‌లో నాలుగో అధ్యాయం, ముప్పై ఆరో వాక్యం. ఎవరెవరితో మంచిగా ఉండాలో వరసగా చెబుతుంది. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, పేదలు. తర్వాత, బంధువైన పొరుగువాడు. ఆ వెంటనే, పరాయివాడైన పొరుగువాడు. విడిగా, ప్రత్యేకంగా చెప్పింది చూడండి. పక్కనే ఉంటాడు, మనవాడు కాడు. ఏడో శతాబ్దంలోనే వాడికి ఒక వరస కేటాయించారు. మన భవనాల్లో ఉన్నవాళ్ళంతా వాళ్ళే కదా?

ఇక్కడొకటి చెప్పాలి, లేకపోతే ఇంటికెళ్ళి మీరు నన్ను తిట్టుకుంటారు. సాయమంటే మునిగిపోవడం కాదు. సమరయుడి కథ మనం సగమే గుర్తుపెట్టుకుంటాం. గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, సత్రానికి చేర్చాడు, రాత్రంతా చూశాడు. మర్నాడు? మర్నాడు సత్రం యజమానికి రెండు దేనారాలిచ్చి, ఇతన్ని చూసుకో, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి తన దారిన వెళ్ళాడు. వెళ్ళాడండీ! వ్యాపారం మానుకుని అక్కడే కూర్చోలేదు. కానీ ఇంకో మనిషిని కలిపాడు, తిరిగి వస్తానన్నాడు. నాకీ రెండూ గాయాలు కట్టడమంత పెద్దవిగా కనిపిస్తాయి. నేనూ అదే చేశాను. మా మూడో అంతస్తులో చదువుకునే అబ్బాయి ఆదివారాలు వెళ్తాడు. డబ్బు సంగతి నేనొక్కదాన్నీ ముట్టుకోను. బ్యాంకు కాగితం మీద సంతకమంటే ఇంకొకరు పక్కనుండాలి. ఆయన్ని అనుమానించి కాదు, నన్ను నేను అనుమానించుకుని కాదు. లెక్కలదాన్ని, రెండో కన్ను లేని లెక్క నాకు నచ్చదు.

రంతిదేవుడి కథ మీలో చాలామందికి తెలుసు. భాగవతం తొమ్మిదో స్కంధం. నలభై ఎనిమిది రోజులు తిండీ నీళ్ళూ లేక, దొరికిన కాస్తా వచ్చినవాళ్ళకల్లా పెట్టేసి, చివరికి గుక్కెడు నీళ్ళు మిగిలితే, అవి కూడా అడిగినవాడికి పోసేసిన రాజు. చిన్నప్పుడు నాకీ కథ నచ్చేది కాదు. అంత త్యాగం ఎవరి వల్లవుతుంది? ఇప్పటికీ వల్లకాదనే అంటాను. కానీ ఇప్పుడు ఒక్క మాట కోసం నచ్చుతుంది. ఆ చివర వచ్చినవాడు లోకం అంటరానివాడన్నవాడు. అతన్ని ఆ రాజు ఏమని పిలిచాడు? అన్నం లేదు, కొన్ని తియ్యటి నీళ్ళున్నాయి, తాగు అన్నా, రా అన్నా, అన్నాడు. పోతన గారి పద్యంలో అది "రావన్న". నీళ్ళిచ్చేది తర్వాత. ముందు అన్న అన్నాడు. ముందు వరస కలిపాడు. నేను రెండేళ్ళు "ఆ ముసలాయన" అన్నాను. "ఏవండీ" నుంచి "బాబాయిగారూ"కి రావడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. రాజుగారికి ఒక్క క్షణం పట్టింది.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపేస్తాను. మొన్నామధ్య నాకు జ్వరమొచ్చింది. గురువారం వెళ్ళలేకపోయాను. ఫోను చేసి చెప్పే ఓపిక కూడా లేదు. నాలుగు దాటింది, అయిదు దాటింది. ఎవరో తలుపు తట్టారు. ఎవరని అడగలేక ఊరుకున్నాను. తలుపు అవతల నుంచి, నెమ్మదిగా, స్పష్టంగా, ఆయన పూర్తి పేరు చెప్పారు. ఇంటిపేరుతో సహా. తర్వాత "కింది అంతస్తు నుంచి" అన్నారు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ఆయన నాకు అప్పచెబుతున్నారు! రెండంతస్తులు మెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చారట. "నీ అడుగులు వినపడలేదు తల్లీ, చూసిపోదామని వచ్చాను" అన్నారు. లోపలికొచ్చి, కుర్చీ తడుముకుని కూర్చున్నారు. అక్షరాలు చదవలేరుగా, ఆ ప్రార్థనలు చూడకుండానే చెప్పారు. అప్పుడు తెలిసింది, ఆయనకి ఆ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా కంఠతా వచ్చు. నేను చదవకపోయినా ఆయనకేమీ లోటు లేదు.

మరి ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చదివించారని అడగలేదు. మీకెవరికైనా తెలిస్తే టీ దగ్గర చెప్పండి.

ప్రశ్నలుంటే అడగండి, కానీ నన్ను ఏడింటికల్లా వదిలెయ్యాలి. ఇవాళ గురువారం. రెండు ఉత్తరాలు వచ్చాయట, ఒకటి చేతిరాతట. ఈ తొందరలో దారిలో ఎవరినైనా దాటుకుపోతే మాత్రం, మీరే వెనకనుంచి ఒక కేక వెయ్యండి.